అక్షరానికి దారి
(మాస్టారి స్మారకోపన్యాస పాఠం)



మాస్టారి పేరు మీరు ఆహ్వాన పత్రికలో చదివారు. నా నోట ఆ పేరు ఎప్పుడూ రాలేదు, ఇవాళ కూడా రాదు. ఆయన దగ్గర వార్త రాయడం నేర్చుకున్న మా అందరికీ ఆయన మాస్టారే. కాపీలో అనవసరమైన మాట కనిపిస్తే కొట్టేసేవారు కాదు, దాని కింద పెన్సిలుతో గీత గీసి మాకే తిరిగి ఇచ్చేవారు. కొట్టేయాల్సిన మాట ఏదో రాసినవాడికే తెలియాలని ఆయన పట్టుదల.

ఆయన చెప్పిన సంగతి ఒకటి మీకు చెప్పి, అక్కడి నుంచి నా విషయానికి వస్తాను.

1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన. అప్పటికి మాస్టారు జీతం లేని కంట్రిబ్యూటర్. తాడిచెట్టు ఎత్తున సముద్రం ఊళ్ళ మీదికి వచ్చి వెళ్ళింది. టెలిఫోను స్తంభాలు నేలకొరిగాయి, తీగలు బురదలో కలిశాయి. అక్కడ వేలమంది పోయారన్న మాట బయటి ప్రపంచానికి వెంటనే తెలియలేదు. మాస్టారు చనిపోయినవాళ్ళ పేర్లు, ఊళ్ళవారీగా, బడి నోటుబుక్కులోంచి చింపిన కాగితాల మీద రాసుకున్నారు. అవి తీసుకుని బయలుదేరితే బస్సు లేదు. మామూలు రోజుల్లో ఆయన వార్త ఆర్టీసీ బస్సులో వెళ్ళేది. కవరు మీద పత్రిక పేరు రాసి కండక్టరు చేతికిస్తే, బెజవాడ బస్టాండులో ఆఫీసు కుర్రాడు అందుకునేవాడు. ఆ రోజు ఆయన పులిగడ్డ అక్విడెక్టు దాటి చల్లపల్లి దాకా నడిచారు. అక్కడ బెజవాడ వైపు వెళ్ళే ఒక లారీ ఆపి, డ్రైవరు చేతిలో కవరు పెట్టారు. ఆ డ్రైవరుకు చదువు రాదు. “ఎవరికియ్యాలి బాబూ?” అని మాత్రం అడిగి, కవరు తడవకుండా సీటు కింద గోనెపట్టాలో చుట్టి పెట్టుకున్నాడట.

ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ మాస్టారు చివర ఒకే మాట అనేవారు: “రాయడం సగం పనేరా అబ్బాయ్. చేరితేనే అది వార్త.”

నలభై ఏళ్ళు ఈ వృత్తిలో గడిపాక, పత్రికా స్వేచ్ఛ గురించి నాకు తెలిసిందంతా ఆ మాటలోనే ఉందనిపిస్తోంది. స్వేచ్ఛ అనగానే మనకు సంపాదకుడి కలం గుర్తొస్తుంది. నాకు ఆ కవరు గుర్తొస్తుంది. ఊళ్ళోంచి డెస్కుకు, డెస్కు నుంచి ప్రెస్సుకు, ప్రెస్సు నుంచి పాఠకుడి గుమ్మానికి దారి తెరిచి ఉందా అన్నదే అసలు ప్రశ్న. ఆ దారి మీద ఎక్కడ అడ్డం పెట్టినా కలం చేతిలోనే ఉంటుంది, అక్షరం మాత్రం చేరదు.

ఈ మాట ఎంత నిజమో చెప్పడానికి నేను ఎంచుకున్నది మన పత్రిక కాదు. జమ్మూలో పుట్టిన ఒక ఇంగ్లీషు దినపత్రిక, కాశ్మీర్ టైమ్స్.

ఒక ప్రాంతం, ఒక పత్రిక

బెజవాడ సభలో జమ్మూ పత్రిక ఊసెందుకని మీరు అడగొచ్చు. కారణాలు మూడు. ఆ పత్రిక సంపాదకురాలు వేసిన కేసు మీద వచ్చిన తీర్పు ఇవాళ మన ఊళ్ళకూ వర్తిస్తుంది. ఆ తీర్పు చెప్పిన ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు తెలుగువాళ్ళు. ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని చివర చెబుతాను.

వేద్ భాసిన్ 1954లో కాశ్మీర్ టైమ్స్‌ను వారపత్రికగా మొదలుపెట్టారు. 1964లో అది దినపత్రిక అయింది. 1947లో జమ్మూలో జరిగిన మారణకాండను ఆయన విద్యార్థిగా కళ్ళారా చూశారు. హిందువుగా పుట్టి, తన ఊళ్ళో ముస్లింల మీద జరిగిన దారుణాన్ని దశాబ్దాల తర్వాత కూడా దాచకుండా చెప్పారు. అలాంటి మనిషి పెట్టిన పత్రిక కాబట్టే జమ్మూలో అచ్చయినా కాశ్మీర్ లోయలోని బాధను రాసింది. జమ్మూకు, శ్రీనగర్‌కు మధ్య పర్వతాలే కాదు, మనసుల దూరమూ ఉంది. ఆ రెంటినీ ఒక్క పేజీలో చూపించడం తేలిక కాదు. 2015 నవంబరులో ఆయన కన్నుమూసేనాటికి పత్రిక బాధ్యత కుమార్తె అనూరాధా భాసిన్ చేతికి వచ్చింది.

ఆ ప్రాంతంలో ఇంగ్లీషు పత్రిక ఎందుకన్న ప్రశ్న ఉంది. కాశ్మీరీ, డోగ్రీ, గోజ్రీ, పహాడీ, లడాఖీ మాట్లాడే జనం కలిసి ఉన్న చోటు అది. చాలాకాలం పాలనా భాష ఉర్దూ. ఇన్ని భాషల మధ్య ఇంగ్లీషు ఎవరి ఇంటి భాషా కాకపోవడం వల్లే అందరికీ ఉమ్మడి వేదిక అయింది. దానికి మించి, అది ఢిల్లీ వినే భాష. మాస్టారు కూడా ఇదే అనేవారు: “మన ఊరి సంగతి తెలుగులో పడితే కలెక్టరు చదువుతాడు. ఇంగ్లీషులో పడితే ఢిల్లీకి వినపడుద్ది.” ఢిల్లీ నుంచి వచ్చే విలేకరి మూడు రోజులుండి వెళ్ళిపోతాడు. ప్రాంతీయ పత్రిక విలేకరి అక్కడే పుట్టి, అక్కడే పిల్లల్ని బడికి పంపుతూ, రాసినదానికి మర్నాడు అదే వీధిలో జవాబు చెప్పుకుంటాడు. ఇలా ప్రాంతీయ ఇంగ్లీషు దినపత్రికకు ఇద్దరు పాఠకులు ఉంటారు, సొంత వీధివాడు ఒకడు, దూరాన పాలించేవాడు ఒకడు. పాలించేవాడికి ఇష్టం లేకపోతే ఆ పత్రికే ముందు కంట్లో పడుతుంది.

అక్కడి పత్రికలకు ప్రమాదం ఒక్క వైపు నుంచే రాలేదన్నది కూడా చెప్పాలి. 1990 ఫిబ్రవరిలో శ్రీనగర్ దూరదర్శన్ డైరెక్టర్ లస్సా కౌల్‌ను ఉగ్రవాదులు కాల్చి చంపారు. 1991 ఏప్రిల్‌లో అల్ సఫా పత్రిక సంపాదకుడు మహమ్మద్ షబాన్ వకీల్‌ను ఆయన ఆఫీసులోనే చంపారు. 1995 సెప్టెంబరులో బీబీసీ విలేకరి యూసుఫ్ జమీల్ ఆఫీసుకు పార్సిల్ బాంబు వస్తే, ఫొటోగ్రాఫర్ ముష్తాక్ అలీ ప్రాణాలు పోయాయి. 2018 జూన్ 14న, రంజాన్ పండగ ముంగిట్లో, రైజింగ్ కాశ్మీర్ ఇంగ్లీషు దినపత్రిక సంపాదకుడు షుజాత్ బుఖారీని శ్రీనగర్ ప్రెస్ ఎన్‌క్లేవ్‌లో, ఆఫీసు బయటే, ఇద్దరు అంగరక్షకులతో సహా కాల్చేశారు. మర్నాడు పొద్దున కూడా ఆయన పత్రిక వచ్చింది, నల్లటి మొదటి పేజీ మీద ఆయన బొమ్మతో.

తెలుగువాళ్ళమైన మనకు ఇది వేరే లోకపు సంగతేమీ కాదు. 1948 ఆగస్టులో హైదరాబాద్ కాచిగూడలో షోయబుల్లాఖాన్‌ను రాత్రివేళ, ఇమ్రోజ్ ఉర్దూ దినపత్రిక పని ముగించుకుని ఇంటికి వెళ్తుంటే చంపారు. రాసిన చేతిని కూడా నరికారు. చేతిని నరికినవాళ్ళకు అక్షరం విలువ తెలుసు. ఆ తరం క్రూరత్వం కంటికి కనిపించేది. నేనిప్పుడు చెప్పబోయేది రక్తం చిందనిది, అందుకే మన కంట్లో పడనిది.

మీట నొక్కిన రాత్రి

2019 ఆగస్టు 4 రాత్రి జమ్మూకాశ్మీర్‌లో ఫోన్లు మూగబోయాయి. మొబైలు, ల్యాండ్‌లైను, ఇంటర్‌నెట్, అన్నీ. మర్నాడు 5వ తేదీన పార్లమెంటులో 370వ అధికరణం రద్దు విషయం వచ్చింది. ఆ రాజకీయ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది ఇవాళ నా విషయం కాదు. దాని మీద ఈ హాల్లోనే రెండు అభిప్రాయాలు ఉంటాయి, ఉండాలి. నా ప్రశ్న చిన్నది. ఆ పొద్దున కాశ్మీర్ టైమ్స్ శ్రీనగర్ సంచిక ఎలా రావాలి?

మనలో డెస్కు మీద పనిచేసినవాళ్ళకు తెలుసు. బారాముల్లా విలేకరి ఫోను చెయ్యలేడు. చేసినా ఎత్తడానికి ఇటువైపు ఫోను లేదు. మెయిలు లేదు. ఏజెన్సీ వార్త రాదు, ఫొటో రాదు, పేజీ ప్రెస్సుకు వెళ్ళదు. అడుగడుక్కీ ముళ్ళకంచె. కర్ఫ్యూ పాసు లేకపోతే విలేకరి గుమ్మం దాటలేడు, దాటినా చూసినదాన్ని పంపలేడు. ఏ సెన్సారు అధికారీ వచ్చి పేజీ మీద ఎర్రగీత పెట్టలేదు. గీత పెట్టడానికి పేజీయే లేకుండా పోయింది. శ్రీనగర్ సంచిక ఆగిపోయింది.

కొన్ని రోజులకు ప్రభుత్వం శ్రీనగర్‌లో ఒక హోటల్లో విలేకరుల కోసం కేంద్రం తెరిచింది. చేతివేళ్ళ మీద లెక్కపెట్టే కంప్యూటర్లు, వాటి ముందు వరుసలో నిలబడ్డ విలేకరులు, ఒక్కొక్కరికి కొద్ది నిమిషాలు. అక్కడ కూర్చుని పంపే ప్రతి అక్షరాన్నీ వెనక ఎవరో చూస్తున్నారన్న అనుమానం ఉంటే మనిషి ఏం రాస్తాడు? ఆ వారాల్లో కొన్ని స్థానిక పత్రికల సంపాదకీయాలు విటమిన్ల గురించి, చిరుతిళ్ళ గురించి, ఎండాకాలంలో కాఫీ టీలు తాగొచ్చా అన్నదాని గురించి వచ్చాయి. ఊరంతా ముళ్ళకంచె చుట్టుకుని ఉంటే సంపాదకుడు విటమిన్ల మీద రాశాడంటే, అది ఆయన పిరికితనమని నేను అనను. ఆ సంపాదకీయం చదివిన ప్రతి కాశ్మీరీకీ అందులో రాయనిదేమిటో తెలుసు.

ఇంకొందరు విలేకరులు వార్తల్నీ ఫొటోల్నీ పెన్‌డ్రైవుల్లో వేసి, విమానంలో ఢిల్లీ వెళ్ళే ముక్కూమొహం తెలియని ప్రయాణికుల చేతిలో పెట్టారు. ఆ సంగతి చదివిన రోజు నేను పేపరు మడిచి చాలాసేపు కూర్చుండిపోయాను. చల్లపల్లి రోడ్డు మీద లారీ ఆపిన మాస్టారు కళ్ళముందు నిలబడ్డారు. నలభై రెండేళ్ళు గడిచాయి. దేశం ఉపగ్రహాలు పంపింది, ఊరూరికీ తీగ లాగింది. చివరికి వార్త మళ్ళీ అపరిచితుడి జేబులోకే వచ్చింది. తేడా ఒక్కటే. దివిసీమలో తీగ తెంపింది సముద్రం. ఇక్కడ తెంపింది ఉత్తర్వు.

ఆ ఉత్తర్వు కూడా ఎవరికీ చూపించలేదు.

కోర్టు మెట్ల మీద

ఆగస్టు 10న అనూరాధా భాసిన్ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆమె అడిగింది పెద్ద కోరికేమీ కాదు. విలేకరులు తిరగడానికి, వార్త పంపడానికి, పత్రిక అచ్చు వెయ్యడానికి వీలు కల్పించమన్నారు. పత్రికలకు అండగా ఉండాల్సిన ప్రెస్ కౌన్సిల్ మొదట ఆంక్షలను సమర్థించే ధోరణిలో కోర్టుకు వెళ్ళింది. పాత్రికేయులు గట్టిగా నిలదీశాక వెనక్కి తగ్గింది.

2020 జనవరి 10న తీర్పు వచ్చింది. జస్టిస్ ఎన్.వి. రమణ, జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి, జస్టిస్ బి.ఆర్. గవాయ్ ధర్మాసనం. తీర్పు రాసిన రమణగారిది అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరం. నల్లకోటు వేసుకోకముందు, 1979-80లో, ఆయన ఒక తెలుగు దినపత్రికలో విలేకరి. సుభాష్ రెడ్డిగారిది మెదక్ జిల్లా. డెడ్‌లైను ముందు కాపీ చేరకపోతే విలేకరి గుండె ఎలా కొట్టుకుంటుందో తెలిసిన మనిషి న్యాయపీఠం మీద ఉన్నాడని ఆ రోజు నాకు ధైర్యం కలిగింది.

తీర్పు చెప్పిన మాటల్లో నాలుగు మనం గుర్తుపెట్టుకోవాలి. ఇంటర్‌నెట్ ద్వారా మాట్లాడే స్వేచ్ఛకు, వృత్తి చేసుకునే స్వేచ్ఛకు 19వ అధికరణం రక్షణ ఉంది. ఎంతకాలమో చెప్పకుండా ఇంటర్‌నెట్ ఆపేయడం చెల్లదు. ఆపుతూ ఇచ్చిన ప్రతి ఉత్తర్వునూ ప్రచురించాలి, అప్పుడే పౌరుడు దాన్ని కోర్టులో ప్రశ్నించగలడు. అప్పటి 144వ సెక్షన్‌ను న్యాయమైన అభిప్రాయం నొక్కెయ్యడానికి వాడకూడదు. ఆంక్ష అవసరానికి తగినంతే ఉండాలి, ఎప్పటికప్పుడు సమీక్షించాలి అన్న సూత్రం వీటన్నిటి వెనకా ఉంది.

ఇది కొత్తగా పుట్టిన మాట కాదు, మన న్యాయస్థానాలు డెబ్భై ఏళ్ళుగా నడిచి వచ్చిన దారి. 1950 మార్చి 1న, రాజ్యాంగం అమల్లోకి వచ్చి నెల తిరిగీ తిరక్కుండానే, బొంబాయిలో అచ్చయ్యే క్రాస్ రోడ్స్ అనే ఇంగ్లీషు వారపత్రిక తన పొలిమేరల్లోకి రాకూడదని మద్రాసు రాష్ట్రం నిషేధించింది. అప్పుడు మన ఆంధ్ర జిల్లాలు ఆ రాష్ట్రంలోనివే. అంటే ఆ పత్రికను మన తాతల చేతికి అందకుండా ఆపారన్నమాట. ఆ పత్రిక నడిపే రొమేష్ థాపర్ కోర్టుకు వెళ్ళారు. మే 26న తీర్పు వచ్చింది: పంపిణీ చేసే స్వేచ్ఛ లేకపోతే ప్రచురించే స్వేచ్ఛకు విలువ లేదని. మాస్టారు చల్లపల్లి రోడ్డు మీద తెలుసుకున్నదీ అదే. 1961లో సకాల్ కేసులో పేజీల సంఖ్యను బట్టి ధర కట్టడి చెయ్యడం కుదరదన్నారు. 1972లో బెన్నెట్ కోల్‌మన్ కేసులో న్యూస్‌ప్రింట్ పేరుతో పేజీలకు కోత పెట్టడం తప్పన్నారు. 1984లో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ కేసులో న్యూస్‌ప్రింట్ మీద సుంకాన్ని కూడా స్వేచ్ఛ గీటురాయి మీదే చూశారు. కాగితం, ధర, పేజీ, సుంకం, ఇప్పుడు తీగ. ప్రతిసారీ తగాదా వచ్చింది దారి దగ్గరే.

తీర్పును నేను గౌరవిస్తాను. ఆ గౌరవంతోనే దానిలోని లోటూ చెప్పాలి. సూత్రం చెప్పిన కోర్టు ఆ రోజు తీగ కలపలేదు. ఉత్తర్వులను సమీక్షించమని అధికారులకే అప్పగించింది. పత్రిక మళ్ళీ వస్తోంది కాబట్టి, భయం వల్ల నోరు నొక్కుకుపోయిందనడానికి ఆధారం చాలదన్నట్టు తేల్చింది. నెలాఖరుకు 2జీ వచ్చింది, అదీ ప్రభుత్వం ఎంచిన సుమారు 300 వెబ్‌సైట్ల వరకే. అంతటా 4జీ రావడానికి 2021 ఫిబ్రవరి 5 దాకా ఆగాల్సి వచ్చింది. పద్దెనిమిది నెలలు! రేపటి పేపరుకు రాత్రి పదకొండింటికి పేజీ వదలాల్సిన మనిషికి పద్దెనిమిది నెలల తర్వాత దొరికిన న్యాయం ఏం చేసుకోవడానికి?

భద్రత వాదనను నేను తేలిగ్గా కొట్టిపారెయ్యను. ఒక్క పుకారు వాట్సాప్‌లో తిరిగితే ఊళ్ళు తగలబడతాయని పోలీసు అధికారులు చెప్పేది నిజమే. నేను కళ్ళతో చూశాను. కానీ పుకారుకు విరుగుడు వార్తే. బావి పూడిస్తే జనం దాహం ఆగదు, మురుగు గుంట దగ్గరికి వెళ్తారు. పత్రిక ఆగిన ఊళ్ళో ప్రతి నోరూ పత్రికే అవుతుంది, దిద్దే డెస్కు మాత్రం ఉండదు.

మిగిలిన మీటలు

హక్కు నెగ్గింది కదా, ఆ తర్వాత పత్రిక ఏమైంది? నేను చివర చెబుతానన్న కారణం ఇదే.

చిన్న పత్రిక బతికేది ప్రకటనల మీద. పెద్ద పరిశ్రమలు, పెద్ద షాపింగ్ మాల్స్ లేని ప్రాంతంలో ప్రకటన అంటే సర్కారు టెండరు నోటీసే. కాశ్మీర్ టైమ్స్‌కు 2010 నుంచే కేంద్ర ప్రకటనలు ఆగిపోయాయి. సుప్రీంకోర్టు గడప తొక్కాక రాష్ట్ర ప్రకటనలు కూడా ఆగాయని సంపాదకురాలు చెప్పారు. 2019 మార్చిలో, ఆ ముళ్ళకంచెలకు అయిదు నెలల ముందే, గ్రేటర్ కాశ్మీర్‌కు, కాశ్మీర్ రీడర్‌కు సర్కారు ప్రకటనలు ఆపేస్తే శ్రీనగర్ దినపత్రికలు మొదటి పేజీని తెల్లగా వదిలి నిరసన తెలిపాయి. ప్రకటన ఆపడానికి ఉత్తర్వు అక్కర్లేదు, కారణం అక్కర్లేదు. రిలీజ్ ఆర్డరు రాకపోతే చాలు.

2020 అక్టోబరు 19న శ్రీనగర్ ప్రెస్ ఎన్‌క్లేవ్‌లోని కాశ్మీర్ టైమ్స్ ఆఫీసుకు ఎస్టేట్స్ శాఖ తాళం వేసింది. అది సర్కారు కేటాయించిన భవనమని అధికారులన్నారు. నోటీసు ఇవ్వలేదని, సామాను తీసుకునే వీలు కూడా ఇవ్వలేదని పత్రిక అంది. కంప్యూటర్లు, కుర్చీలు, పాత సంచికల కట్టలు అన్నీ లోపలే. పాత సంచికల కట్ట విలువ పత్రికవాడికే తెలుసు. తాళం పడింది గదికి, లోపల చిక్కుకుంది ఆ ప్రాంతం జ్ఞాపకం.

2021-22లో అచ్చు సంచిక ఆగిపోయింది. 2023లో వెబ్‌లో మళ్ళీ మొదలుపెట్టారు. 2025 నవంబరులో పోలీసుల దర్యాప్తు సంస్థ జమ్మూ ఆఫీసులో సోదాలు చేసింది, దేశ వ్యతిరేక కార్యకలాపాల ఆరోపణతో. సంపాదకులు ఆ ఆరోపణల్ని ఖండించారు. ఆ కేసు న్యాయస్థానం తేల్చాల్సింది, నేను తీర్పు చెప్పను. చరిత్ర వరకు మాత్రం ఒక మాట చెప్పగలను. ఏ పత్రిక సంపాదకురాలి పేరు మీద దేశంలో ఇంటర్‌నెట్ స్వేచ్ఛకు పునాది లాంటి తీర్పు వచ్చిందో, ఆ పత్రిక ఇవాళ వీధిలో దొరకదు. హక్కు నెగ్గింది. పత్రిక ఓడింది. తీగ గురించి చెప్పే తీర్పు దగ్గర ప్రకటనకు, అద్దె గదికి జవాబు లేదు.

దీన్ని కాశ్మీర్ కథగానే వదిలెయ్యకండి. 2022 మే 24న జిల్లా పేరు మీద అమలాపురంలో గొడవలు జరిగి ఇళ్ళు తగలబడ్డాయి. ఆ తర్వాత కోనసీమలో మొబైలు ఇంటర్‌నెట్ దాదాపు రెండు వారాలు ఆగింది. ఇంటి నుంచి పనిచేసే కుర్రాళ్ళు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని సిగ్నల్ అందే ఊరు వెతుక్కుంటూ వెళ్ళారు. అక్కడి కంట్రిబ్యూటర్లు కాపీ పంపడానికి పడ్డ పాట్లు ఇక్కడున్న నా మిత్రులు కొందరికి అనుభవమే. లోయకు, కోనకు మధ్య ఎంత దూరమున్నా ఆ మీట ఒకటే. అది అనూరాధా భాసిన్ కేసు తీర్పుకు లోబడి ఉండాల్సిన మీట. ఆ తీర్పు తర్వాతే, ఒక్కో నిలుపుదల ఉత్తర్వు 15 రోజులకు మించి సాగకూడదని 2020 నవంబరులో నిబంధన వచ్చింది. ఉత్తర్వును కారణాలతో సహా ప్రచురించాలన్నది 2024 నిబంధనల్లోకి ఎక్కింది. కాశ్మీర్ టైమ్స్ తన కోసం అడిగింది మన చేతికి చట్టమై వచ్చింది.

మన వంతు

పోయిన మనిషి పేరున సభ పెట్టుకుని నాలుగు మంచి మాటలు చెప్పుకుని వెళ్ళిపోతే మాస్టారు ఒప్పుకోరు. ఆయన ప్రతి మీటింగు చివర, “సరే, రేపటి పని చెప్పండి” అనేవారు. రేపటి పని మూడు మాటల్లో చెబుతాను.

మొదటిది పాత్రికేయ మిత్రులకు. మీ జిల్లాలో ఇంటర్‌నెట్ ఆగిన రోజున “సేవలు నిలిచిపోయాయి” అని రాసి ఊరుకోకండి. సేవలు వాటంతట అవి నిలవవు. ఎవరు ఆపారు, ఏ ఉత్తర్వు, ఏ తేదీ, ఎన్నాళ్ళు, ఎందుకు అని అడగండి. ఉత్తర్వు చూపించకపోతే అదే వార్త. మనం అడగడం మానేస్తే ఆ తీర్పు లా కాలేజీ పాఠంగా మిగిలిపోతుంది.

రెండోది పత్రికా సంఘాలకు. సర్కారు ప్రకటన ప్రజల డబ్బు. అది సంపాదకీయానికి బహుమతి కాకూడదు, శిక్ష కాకూడదు. ఏ పార్టీ గద్దె మీదున్నా, తెలుగునాట ఏ పత్రికకు ఎంత ఇచ్చారన్న గొడవ అయిదేళ్ళకొకసారి వేషం మార్చుకుని వస్తూనే ఉంది. మన పత్రికకు దక్కినప్పుడు ఊరుకుని, దక్కనప్పుడు స్వేచ్ఛ గుర్తు చేసుకుంటే ఎవరూ నమ్మరు. నచ్చని పత్రికకు ప్రకటన ఆగినప్పుడు కూడా లేచి అడిగే సంఘం కావాలి.

మూడోది పాఠకులకు, అంటే మనందరికీ. ప్రాంతీయ పత్రిక, అది ఏ భాషదైనా, ధర పెట్టి కొనండి. ప్రకటన మీద బతికే పత్రిక మెడ ప్రకటన ఇచ్చేవాడి చేతిలో ఉంటుంది. పాఠకుడి మీద బతికే పత్రిక మెడ వెయ్యి చేతుల్లో ఉంటుంది, వెయ్యి చేతులు ఒక్కసారి బిగుసుకోవడం కష్టం. టీ కొట్టులో పక్కవాడి పేపరు చదివే సుఖం నాకూ తెలుసు. కానీ పేపరు ఆగిన రోజున ఆ టీ కొట్టులో మాట్లాడుకోవడానికి మిగిలేది పుకారే.

మాస్టారు చివరి రోజుల్లో ఆస్పత్రి మంచం మీద ఉన్నప్పుడు మళ్ళీ ఉప్పెన సంగతి ఎత్తారు. అప్పటికి ఆ కథ నేను కనీసం ఇరవైసార్లు విన్నాను. ఈసారి ఒక కొత్త మాట చెప్పారు. ఆ లారీ డ్రైవరు పేరు అడగలేదట. కవరు ఆఫీసుకు చేరింది, పేర్ల జాబితా అచ్చయింది. దివిసీమలోని సొర్లగొంది నుంచి చెట్టుకొకరు పుట్టకొకరుగా చెదిరినవాళ్ళు కొందరు అది చూసి తమవాళ్ళ కోసం వెతుకులాట మొదలుపెట్టారు. డ్రైవరుకు మాత్రం తాను మోసినదేమిటో తెలియదు. “నలభై ఏళ్ళు నా పేరు పేపర్లో పడుతూనే ఉంది. ఆయన పేరు ఒక్కసారి పడాల్సిందిరా,” అన్నారు.

ఆ పేరు ఎవరికీ తెలియదు. అందుకని ఈ సభలో ఇద్దరిని తలుచుకుంటున్నాను. కవరు రాసిన మనిషిని, దాన్ని తడవకుండా గోనెపట్టాలో చుట్టి తెచ్చిన మనిషిని.